99 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఈసీజీ మీద మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు చేస్తున్నాను. ఎంఐటీ-బీఐహెచ్ అనే ఈసీజీ రికార్డుల డేటాబేస్ డౌన్‌లోడ్ చేసి, అందులోని గుండె స్పందనలను ఒక్కొక్కటిగా కత్తిరించి, అన్నిటినీ కలిపేసి, 80 శాతం ట్రైనింగ్‌కి, 20 శాతం టెస్టింగ్‌కి పెట్టాను. మామూలు స్పందన, లెఫ్ట్ బండిల్ బ్లాక్, రైట్ బండిల్ బ్లాక్, కర్ణికల నుంచి ముందే పడేవి, జఠరికల నుంచి ముందే పడేవి అని ఐదు రకాలుగా విడదీయడంలో నా మోడల్‌కి 99 శాతం పైనే వచ్చింది. ఆ ఊపులో మూడు ఎలక్ట్రోడ్ల చిన్న సెన్సర్ కొని, 20 మంది స్నేహితుల ఈసీజీ తీసుకుని, ఏది ఎవరిదో చెప్పే ఇంకో మోడల్ చేశాను. దానికీ 98 శాతం వచ్చింది. రెండూ కలిపి ఒకే పరికరం చేస్తే ఒంటి మీద ఉన్నంతసేపూ ఆరోగ్యం చూస్తుంది, ఫోన్‌కి పాస్‌వర్డ్‌గానూ పనికొస్తుంది కదా అనుకున్నాను.

ఇంతలో ఇంట్లో చిక్కొచ్చి పడింది. మా నాన్నగారికి ఈ మధ్య అప్పుడప్పుడు గుండె దడగా ఉంటోంది. ఆయన ఛాతీకి నా సెన్సర్ పెట్టి ఒక రోజంతా ఉంచాను. సాయంత్రానికి లెక్కలేనన్ని అలారాలు. మెట్లెక్కినా మోగింది, పక్కకి తిరిగి పడుకున్నా మోగింది. అమ్మకి ఒకటే టెన్షన్. 99 శాతం కరెక్టుగా చెప్పే మోడల్ మాట నమ్మాలా? నమ్మకూడదంటే తప్పెక్కడుంది? గుండె స్పందనని పాస్‌వర్డ్‌గా వాడటం అసలు కుదిరే పనేనా? గైడ్ పేపర్ రాసెయ్యమంటున్నారు, ఫ్రెండ్ కంపెనీ పెడదామంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

సమాధానం: ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం, మోడల్ ఎక్కడికీ పోదు. దడ వస్తోందంటే డాక్టరుకి చూపించాల్సిందే. మీ సెన్సర్ ఒక్కసారి కూడా మోగకపోయినా ఇదే మాట చెప్పేదాన్ని. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ అదీ ఇదీ అనకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకునే వేళకి దడ ఆగిపోవడం చాలామందికి జరిగేదే. అందుకే 24 గంటలు, కావాలంటే ఇంకా ఎక్కువ రోజులు, ఒంటి మీదే ఉండి రికార్డు చేసే హోల్టర్ పరీక్ష రాస్తారు. ఈలోగా మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. దడ వచ్చినప్పుడల్లా టైమెంత, ఆయన అప్పుడేం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది అన్నది ఒక కాగితం మీద రాయండి. సరిగ్గా ఆ నిమిషానికి మీ సెన్సర్ గీసిన గీత దొరికితే ప్రింటు తీసి తీసుకెళ్లండి. గీత ఒక్కటే చాలు, దాని మీద మీ మోడల్ రాసిన పేరు వద్దు. గీతని డాక్టరు చదువుకుంటారు. మోడల్ తీర్పు పక్కన ఉంటే ఇంట్లోవాళ్ల దృష్టి దాని మీదికే పోతుంది, ఆయన చెప్పేది సగమే వింటారు. మీ అమ్మగారి కోసమైనా ఇంట్లో అలారం ఆపెయ్యండి. రికార్డింగు నడవనివ్వండి.

ఇంకో జాగ్రత్త. మీ పరికరం "నార్మల్" అన్నదని డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం వాయిదా వెయ్యకండి. తప్పుడు అలారం వల్ల ఒక రోజు మనశ్శాంతి పోతుంది. తప్పుడు ధైర్యం వల్ల పోయేది అంతకంటే చాలా ఎక్కువ.

ఇక మీ 99 శాతం. మీరు అంకె తప్పు రాయలేదు, కోడ్‌లో బగ్ ఉందనీ అనుకోను. తిరకాసంతా పరీక్ష పెట్టిన తీరులో ఉంది.

ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్‌లో ఏముందో ఒకసారి చూడండి. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి ల్యాబులో 1975 నుంచి 1979 దాకా తీసిన రికార్డుల నుంచి ఏరి, 1980లో బయటికి ఇచ్చారు. ఒక్కొక్కటి అరగంట చొప్పున 48 రికార్డులు. అందులో సుమారు లక్షా పది వేల స్పందనలు, ప్రతిదానికీ కనీసం ఇద్దరు కార్డియాలజిస్టులు విడివిడిగా చూసి పెట్టిన పేరు. లక్ష అనేసరికి డేటా బోలెడుందనిపిస్తుంది. కానీ ఆ లక్షా ఇచ్చిన మనుషులు 47 మందే. ఒక మనిషి గుండె ఇప్పుడు కొట్టుకున్న స్పందనకీ, మరుక్షణం కొట్టుకునే స్పందనకీ గీతలో తేడా దాదాపు కనపడదు. మీరు అన్నిటినీ కలిపేసి, గిలకొట్టి, ఐదింట ఒకటి తీసి టెస్టింగ్‌కి పెట్టారు. అంటే టెస్టులో వచ్చిన ప్రతి స్పందనకీ అచ్చం దానిలాంటి తోబుట్టువులు ట్రైనింగ్‌లో ఉన్నాయి. లీకైన ప్రశ్నపత్రంతో రాసిన పరీక్షలో 99 రావడం వింతేమీ కాదు.

దీన్ని ఇంకా దగ్గర్నుంచి చూపిస్తాను. మీ ఐదు రకాల్లో లెఫ్ట్ బండిల్ బ్లాక్ ఒకటి కదా. ఆ డేటాబేస్‌లో ఆ రకం స్పందనలు ఎనిమిది వేల పైచిలుకు ఉన్నాయి. అవి ఎన్ని రికార్డుల్లో ఉన్నాయో మీ కోడ్‌తోనే లెక్క తీయండి. 109, 111, 207, 214 — నాలుగే. అంటే మీ మోడల్ ఆ జబ్బు లక్షణాన్ని నేర్చుకోనే అక్కర్లేదు. జఠరికలకి కరెంటు ఆలస్యంగా చేరడం వల్ల క్యూఆర్ఎస్ (జఠరికల విద్యుత్తు వల్ల గీతలో లేచే పెద్ద ముల్లు) వెడల్పవుతుందన్న సంగతి దానికి తెలియకపోయినా నష్టం లేదు. ఆ నలుగురి గీతలు ఎలా ఉంటాయో గుర్తుపెట్టుకుంటే మార్కులన్నీ వచ్చేస్తాయి. అది అదే చేసిందని నేను ఖాయంగా చెప్పలేను. ఒకవేళ చేసినా మీ టెస్టు దాన్ని పట్టుకోలేదు, అంతే.

ఇప్పుడు మీ రెండో మోడల్‌ని దీని పక్కన పెట్టి చూడండి. 20 మంది స్నేహితుల్ని గీతని బట్టి గుర్తుపట్టేసిందని సంతోషించారు. ఒక మోడల్‌కి మనిషిని గుర్తుపట్టడం అంత తేలికైనప్పుడు, జబ్బు చెప్పాల్సిన మొదటి మోడల్ కూడా అదే తేలిక దారి తొక్కి ఉంటుందన్న అనుమానం రావాలి. మీ రెండు ప్రాజెక్టులూ ఒకదాని గుట్టు ఒకటి బయటపెడుతున్నాయి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే.

గీతలో మనిషి ఎందుకంత గట్టిగా కనిపిస్తాడంటే, ఎలక్ట్రోడ్ దగ్గర మనం కొలిచేది గుండె విద్యుత్తు ఒక్కటే కాదు. ఆ విద్యుత్తు ఛాతీలో ఉన్న కండరం, కొవ్వు, ఊపిరితిత్తులు దాటుకుని చర్మం దాకా వచ్చాక మిగిలినది. గుండె ఎంత పెద్దది, ఛాతీలో ఏ వైపుకి ఒరిగి ఉంది, జఠరిక గోడ ఎంత మందం, ఛాతీ ఆకారం ఏమిటి, ఇవన్నీ పి (కర్ణికలది), క్యూఆర్ఎస్, టి (జఠరికలు మళ్లీ సేదదీరేటప్పటిది) తరంగాల ఎత్తుల్లో, వెడల్పుల్లో కలిసిపోయి ఉంటాయి. ఈసీజీని తీర్చిదిద్దిన డచ్ శాస్త్రవేత్త ఐంతోవెన్ ఈ తరంగాలకి ఆ అక్షరాలు పెట్టిన రోజుల నుంచీ డాక్టర్లు చేస్తున్న పనేమిటంటే, మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఈ తేడాలని పక్కన పెట్టి జబ్బు తాలూకు మార్పుని మాత్రం చూడటం. మనిషిని గుర్తుపట్టాలనుకునేవాడికి సరిగ్గా దీనికి ఎదురు పని. డాక్టరు పక్కన పెట్టినదే వాడికి సరుకు. 2001లో లెనా బీల్, ఇంకొందరు స్వీడన్‌లో ఈసీజీతో మనుషుల్ని గుర్తించవచ్చని చూపిన పేపర్ ఈ రంగంలో తొలి వాటిలో ఒకటి. అందులోనూ 20 మందే, మీలాగే.

మరి సరైన పరీక్ష ఎలా పెట్టాలి? స్పందనలని కాకుండా మనుషుల్ని విడదీయాలి. ట్రైనింగ్‌లో ఉన్న మనిషి తాలూకు ఒక్క స్పందన కూడా టెస్టింగ్‌లో ఉండకూడదు. 2004లో ఫిలిప్ డి చాజల్ బృందం ఈ డేటాబేస్‌నే ఇలా రెండుగా చేసింది. పేస్‌మేకర్ ఉన్న నాలుగు రికార్డులు తీసేసి, మిగిలిన 44ని 22, 22గా పంచారు. ఆ పంపకాన్నే ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. వాళ్లకి వచ్చిన అంకెలు చూస్తే మీకు నిద్రమత్తు వదులుతుంది. కర్ణికల వైపు నుంచి ముందే పడే స్పందనల్లో వాళ్ల పద్ధతి పట్టుకున్నవి 75.9 శాతం. అది "ఇదే" అని చూపించిన వాటిలో నిజంగా అదైనవి 38.5 శాతమే. ఆ తర్వాత వచ్చిన పద్ధతులు మెరుగుపడ్డాయి, కాదనను. కానీ స్పందనల్ని గిలకొట్టి సాధించిన 99కీ, మనుషుల్ని విడదీస్తే వచ్చే అంకెకీ మధ్య ఎంత లోయ ఉంటుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఇక్కడో తమాషా ఉంది. 48 రికార్డులకి 47 మందే ఎందుకున్నారంటే, 201, 202 నంబర్లు రెండూ ఒకే మనిషివి. అంత జాగ్రత్తగా చేసిన ఆ పంపకంలో 201 ట్రైనింగ్ వైపు, 202 టెస్టింగ్ వైపు పడ్డాయి. మీరు మళ్లీ చేసేటప్పుడు ఆ రెంటినీ ఒకే వైపు ఉంచండి. రికార్డు నంబరు వేరైనంత మాత్రాన మనిషి వేరని అనుకోకండి. మీరు ఏ డేటా తీసుకున్నా ముందు అడగాల్సింది "ఎన్ని స్పందనలు" అని కాదు, "ఎంతమంది మనుషులు" అని. 2019లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు లయ దోషాలని గుర్తించే మోడల్ ఒకటి ప్రచురించారు. దానికి 53,549 మంది నుంచి 91,232 రికార్డులు వాడారు. పరీక్షకి పెట్టిన 328 రికార్డులూ 328 మంది వేర్వేరు మనుషులవి. వాళ్ల మోడల్‌ని కార్డియాలజిస్టులతో పోల్చి మాట్లాడుకోగలిగామంటే ముఖ్యంగా ఆ ఏర్పాటు వల్లే.

మీ శాతంలో ఇంకో చిన్న లోపం కూడా ఉంది, ఎక్కువసేపు ఆగను. డి చాజల్ బృందం వాడిన ఐదు తరగతుల పద్ధతిలో లెక్కేస్తే ఈ డేటాలో పదింట తొమ్మిది స్పందనల దాకా "మామూలు" తరగతిలోకే వస్తాయి. ఏమీ చూడకుండా అన్నిటినీ "మామూలు" అనేసే మోడల్‌కి కూడా 90 శాతం దగ్గర్లో వస్తుంది. అందుకే పేపర్లో మొత్తం శాతం రాయకండి. రకం రకానికీ విడిగా, ఉన్నవాటిలో ఎన్ని పట్టుకుంది, పట్టుకున్నవాటిలో ఎన్ని నిజం అన్న రెండు అంకెలు రాయండి.

ఇప్పుడు నాన్నగారి అలారాల దగ్గరికి వద్దాం. మాట వరసకి మీ 99 శాతం నిజమే అనుకుందాం. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకి 1,00,800 స్పందనలు. నూటికి ఒక్కటి తప్పు చెప్పినా రోజుకి వెయ్యి తప్పుడు అలారాలు. మోడల్‌ని ఇంకా సాన పెట్టి 99.9కి తీసుకెళ్లినా వంద. ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. స్పందన స్పందనకీ తీర్పు చెప్పి, ఆ తీర్పునే అలారంగా మోగించాలన్న ఆలోచనలోనే ఇబ్బంది ఉంది. పైగా ముందే పడే స్పందన ఎప్పుడో ఒకటి రావడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా మామూలే. హోల్టర్ పెట్టిన చాలామందిలో ఒకటో రెండో కనిపిస్తాయి. మీ మోడల్ దాన్ని సరిగ్గా పట్టుకున్నా సరే, అది మోగాల్సిన విషయమే కాదు.

దీనికి తోడు మీ మోడల్ చదువుకున్న లోకం వేరు, మీ నాన్నగారి ఛాతీ వేరు. ఆ 48 రికార్డుల్లో 25 ఏరి కోరి తీసుకున్నవి. అరుదైనా వైద్యపరంగా ముఖ్యమైన లయ దోషాలు ఉండాలని ఎంచుకున్నవి. ఇంట్లో కూర్చున్న మనిషిలో జబ్బు ఆ దామాషాలో ఉండదు. జబ్బు అరుదైనకొద్దీ తప్పుడు అలారాల వాటా పెరిగిపోతుంది. ఒక లెక్క చూడండి. పది వేల మందిలో వంద మందికి ఒక జబ్బుందనుకోండి. జబ్బున్న నూరుమందిలో 95 మందిని పట్టుకుని, లేని నూరుమందిలో 95 మందిని సరిగ్గా వదిలేసే పరికరం మంచిదనే అంటాం. అది జబ్బున్న 95 మందిని చూపిస్తుంది, వాళ్లతో పాటు జబ్బు లేని 495 మందిని కూడా చూపిస్తుంది. మోగిన ప్రతి ఆరింటిలో ఒక్కటే నిజం. పరికరం చెడిపోలేదు. లెక్కే అంత.

ఇక సెన్సర్ సంగతి. డేటాబేస్‌లోని సిగ్నల్ సెకనుకి 360 నమూనాల చొప్పున తీసినది. ఎక్కువ రికార్డుల్లో మొదటి గీత ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు పెట్టి తీసిన రెండో లీడు (లీడు అంటే ఎలక్ట్రోడ్లు గుండెని చూసే ఒక కోణం) తరహాది. మీ బోర్డు సెకనుకి ఎన్ని నమూనాలు తీస్తోంది? దానిలోని ఫిల్టరు ఏ ఫ్రీక్వెన్సీల్ని కోసేస్తోంది? ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టారు? ఇవి సరిపోలకపోతే మీ నాన్నగారి మామూలు స్పందన కూడా మోడల్ కంటికి వింతగానే కనపడుతుంది. మెట్లెక్కేటప్పుడు ఛాతీ, భుజాల కండరాల విద్యుత్తు ఈసీజీ మీద సన్నని ముళ్లలాగా ఎక్కి కూర్చుంటుంది, ఆయాసంతో గీత మొత్తం కిందికీ పైకీ ఊగుతుంది. పక్కకి తిరిగి పడుకుంటే ఛాతీలో గుండె కాస్త జరుగుతుంది, క్యూఆర్ఎస్ ఎత్తు మారిపోతుంది. ఆసుపత్రుల్లోని మానిటర్లని కూడా ఈ పడక మార్పు తికమక పెడుతుంది. మీరు ఉత్తరంలో రాసిన రెండు సందర్భాలూ అవే. అవి యాదృచ్ఛికం కాదు.

ఏం చేస్తే బాగుపడుతుంది? మొదటిది, మోడల్‌కి "ఇది చదవలేను" అనే అవకాశం ఇవ్వండి. వైద్య సిగ్నళ్ల డేటాని అందరికీ అందించే వెబ్‌సైట్ ఫిజియోనెట్ 2017లో పెట్టిన పోటీలో చేతితో పట్టుకునే పరికరంతో తీసిన ఒక లీడు ఈసీజీలు ఇచ్చి, నాలుగు జవాబులు అడిగారు: మామూలు లయ, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు లయ తప్పి అదరడం), ఇంకేదో లయ, బాగా గోలగా ఉంది చదవలేం. ఆ నాలుగో జవాబుని తక్కువగా చూడకండి, మనిషి కదులుతూ ఉండే ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పని దానికే. రెండోది, స్పందనకి కాకుండా ఒక వ్యవధికి తీర్పు చెప్పించండి. ఒక లీడు గీత మీదైతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని వైద్యులు కూడా కనీసం 30 సెకన్లు చూసే నిర్ధారిస్తారు. మూడోది, ఒకసారి అనుమానం రాగానే మోగకుండా, కొన్నిసార్లు అదే మాట మళ్లీ మళ్లీ వచ్చాక మోగేలా చెయ్యండి.

యాపిల్ వాచ్‌తో చేసిన పెద్ద అధ్యయనంలో ఇలాగే చేశారు. అందులో మణికట్టు దగ్గర వాడినది ఈసీజీ కాదు, పీపీజీ. ఆకుపచ్చ కాంతి చర్మంలోకి పంపి, రక్తం ఎంత మింగిందో చూసి నాడిని లెక్కకట్టడం. మనిషి కదలకుండా ఉన్నప్పుడు తీసిన ఆరు చిన్న కొలతల్లో ఐదింటిలో లయ తప్పినట్టు కనిపిస్తేనే కబురు పంపారు. 4,19,297 మంది చేరితే కబురు అందింది 2,161 మందికి, అంటే 0.52 శాతం. వాళ్లలో 450 మంది తర్వాత ఛాతీకి అంటించుకునే ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపితే, 34 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. మిగిలిన అందరివీ తప్పుడు అలారాలని అనుకోనక్కర్లేదు, ఆ దోషం వచ్చి పోతుండే రకం కాబట్టి. వాచ్ కబురు పంపుతున్న సమయంలోనే ప్యాచ్ కూడా ఒంటి మీద ఉన్నవాళ్ల వరకు చూస్తే కబురు నిజమైనది 84 శాతం. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆ కబురుకి అర్థం "డాక్టరుకి చూపించుకోండి" అనే, "మీకు ఫలానా జబ్బు" అని కాదు. మీ పరికరం ఎప్పటికైనా మాట్లాడాల్సింది ఆ భాషే.

పాస్‌వర్డ్ ఆలోచన మీద మీకు చాలా ఇష్టం ఉన్నట్టుంది. నాకంత లేదు. ఎందుకో చెబుతాను.

మీ 20 మంది స్నేహితుల దగ్గర డేటా ఎలా తీశారో మీరు రాయలేదు. చాలా ప్రాజెక్టుల్లో లాగే ఒకే రోజు, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎలక్ట్రోడ్లు ఒకసారి అంటించి కొన్ని నిమిషాలు తీసి ఉంటారు. అదే నిజమైతే మోడల్ నేర్చుకున్నది గుండెనో, ఆ రోజు ఎలక్ట్రోడ్ అంటించిన చోటునో, చర్మం పొడిగా ఉందా చెమటగా ఉందా అన్నదాన్నో తేల్చలేం. వారం తర్వాత వాళ్లనే పిలిచి, ఎలక్ట్రోడ్లు కొత్తగా అంటించి, అప్పుడు గుర్తుపట్టమనండి. తర్వాత కాసేపు మెట్లెక్కించి గుర్తుపట్టమనండి. గుండె వేగం పెరిగితే క్యూటీ వ్యవధి (క్యూఆర్ఎస్ మొదలు నుంచి టి తరంగం చివరిదాకా పట్టే కాలం) తగ్గుతుంది, టి తరంగం క్యూఆర్ఎస్‌కి దగ్గరగా జరిగి వస్తుంది. క్యూఆర్ఎస్ ఆకారం పెద్దగా మారదు. ఆ తేడాని సరిదిద్దకపోతే పరుగెత్తుకొచ్చిన మనిషికి ఫోన్ తెరుచుకోదు. జబ్బు మోడల్‌ని మనుషుల్ని విడదీసి పరీక్షించాలని చెప్పాను. మనిషిని గుర్తుపట్టే మోడల్‌ని రోజుల్ని విడదీసి పరీక్షించాలి.

ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. మీ మోడల్ ఏ గుండె చూపించినా ఆ 20 పేర్లలో ఒకటి చెప్పి తీరుతుంది. ఊరూ పేరూ తెలియని మనిషి ఈసీజీ ఇచ్చినా, ఎవరో ఒక స్నేహితుడి పేరు చెబుతుంది, అదీ బోలెడంత నమ్మకంతో. తాళానికి కావాల్సిన ప్రశ్న "ఈ ఇరవైమందిలో ఎవరు" అనేది కాదు. "ఈయన ఆయనేనా, కాదా" అనేది. దానికి వేరే కొలతలున్నాయి: పరాయివాణ్ణి నూటికి ఎన్నిసార్లు లోపలికి రానిచ్చింది, అసలు యజమానిని ఎన్నిసార్లు గుమ్మం బయటే నిలబెట్టింది. ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. ఆ రెండూ రాయకుండా 98 అని రాస్తే తాళం గురించి ఏమీ చెప్పనట్టే.

మోసం సంగతి కూడా ఆలోచించండి. గుండె చప్పుడుని ఎవడూ దొంగిలించలేడని ఈ రంగంలో తరచూ వినపడే మాట. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో, ఈసీజీతో మనిషిని గుర్తించే నైమీ బ్యాండ్ అనే పరికరం మీద దాడి చేసి చూపించారు. వేరే పరికరంతో తీసిన ఈసీజీని లెక్కలతో మార్చి, ఆ సిగ్నల్‌ని బ్యాండ్‌కి అందించారు. ఐదింట నాలుగుసార్లు బ్యాండ్ నమ్మేసింది. పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటాం. ఈసీజీ పోతే ఏం పెట్టుకుంటాం?

మీ పరికరానికి మాత్రమే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకోటుంది. ఒకే సిగ్నల్‌తో జబ్బూ చెప్పాలి, మనిషినీ గుర్తుపట్టాలి అన్నారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తే పి తరంగం మాయమవుతుంది, స్పందనల మధ్య దూరం గాడి తప్పుతుంది. గుండెపోటు వస్తే ఎస్టీ భాగం (క్యూఆర్ఎస్‌కీ టి తరంగానికీ మధ్యది), టి తరంగం మారిపోతాయి. అంటే మనిషి నిజంగా జబ్బుపడిన ఆ ఘడియలోనే, మీ పరికరం "ఈయనెవరో నాకు తెలియదు" అని ఫోన్‌కి తాళం వేసే ప్రమాదం ఉంది. సాయం కోసం ఫోన్ చేయాల్సిన వేళ అది. మారకూడదని ఒక మోడల్ కోరుకునేదీ, మార్పు కోసం ఇంకో మోడల్ కాచుకుని ఉండేదీ ఒకే గీత.

అయితే రెంటినీ కలపడానికి పనికొచ్చే దారి ఒకటుంది, నన్నడిగితే మీ ప్రాజెక్టు అటు తిప్పండి. గుర్తింపుని తాళంగా కాకుండా ఆరోగ్యం చూసే పనికి సహాయంగా పెట్టండి. ఇప్పుడీ పరికరాన్ని పెట్టుకున్నది నాన్నగారా, మీరా అన్నది తెలిస్తే ఇద్దరి రికార్డులూ కలిసిపోవు. ఇంట్లో ఇద్దరు ముగ్గురి మధ్య తేడా చెబితే చాలు కాబట్టి, లోకంలో అందరిలోంచీ ఒకణ్ణి పట్టుకోవాల్సిన బరువు ఉండదు. దాని తర్వాత, ఈ మనిషికి మామూలు అంటే ఏమిటో మొదటి కొన్ని రోజులు నేర్చుకుని, కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు, నడిచినప్పుడు విడివిడిగా, ఆ మామూలు నుంచి ఎంత జరిగిందో చూడొచ్చు. నాన్నగారు పక్కకి తిరిగితే క్యూఆర్ఎస్ ఎత్తు ఎలా మారుతుందో తెలిసిన మోడల్ ఆ మార్పుకి మోగదు. పడక తెలియడానికి కదలికని కొలిచే చిన్న యాక్సెలెరోమీటర్ ఒకటి బోర్డుకి తగిలిస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఆ మొదటి రోజుల్లోనే జబ్బు ఉంటే అదే మామూలని నేర్చుకుంటుంది. అందుకే ఆ మొదటి గీతల్ని డాక్టరు ఒకసారి చూసి సరే అనాలి.

మీ స్నేహితుల డేటా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పేపర్ రాయగానే దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టమని అడుగుతారు. పేర్లు తీసేసి "మనిషి 1, మనిషి 2" అని పెడితే చాలనుకోకండి. మీ ప్రాజెక్టే చెబుతోంది కదా, గీతని బట్టి మనిషిని పట్టుకోవచ్చని. రేపు ఆ స్నేహితుల్లో ఒకరి ఈసీజీ ఇంకెక్కడైనా ఉంటే, రెంటినీ జత చేయొచ్చు. గీతలో ఈ రోజు కనపడనిది రేపు కనపడొచ్చు కూడా. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి పరిశోధకులు 2019లో, మామూలు లయలో ఉన్నప్పుడు తీసిన ఈసీజీ నుంచే ఆ మనిషికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే తీరు ఉందా అని మోడల్‌తో అంచనా కట్టారు. అదే ఏడాది మరో పేపర్లో ఈసీజీని బట్టి ఆడా మగా, వయసెంత అన్నవి కూడా చెప్పించారు. కార్డియాలజిస్టు కంటికి అందని సంగతులివి. తాళం కోసమని సరదాగా ఛాతీ ఇచ్చిన స్నేహితుడు, తన గుండె జాతకం ఇస్తున్నానని అనుకుని ఉండడు. అందరినీ మళ్లీ అడగండి. దేనికి వాడతారో, ఎన్నాళ్లు ఉంచుతారో, వద్దంటే తీసేస్తారో రాసిచ్చి సంతకం తీసుకోండి. కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటే వాళ్ల అనుమతి లేకుండా డేటా బయటపెట్టకండి.

ఆ 20 మందీ ఇంచుమించు ఒకే వయసువాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అన్న సంగతి కూడా పేపర్లో దాచకుండా రాయండి. ఎవరి మీద పరీక్షించలేదో వాళ్ల దగ్గరే ఈ పరికరాలు దెబ్బతింటాయి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ దశాబ్దాలుగా ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. అయినా 2020లో అమెరికా పరిశోధకులు చూస్తే, రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గినా మీటరు బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్లలో కంటే నల్లవాళ్లలో దాదాపు మూడింతలు ఎక్కువగా కనిపించింది. కాంతిని చర్మం రంగు కూడా మింగుతుందన్న మామూలు భౌతిక విషయం. మీరు రేపు మణికట్టు పీపీజీ వైపు వెళితే ఇది మీకూ ఎదురవుతుంది.

గైడ్‌తో ఏం చెప్పాలంటారా? పేపర్ రాయండి, కానీ ఇది కాదు. మీ మోడల్‌నే, ఒక్క అక్షరం మార్చకుండా, రెండు రకాలుగా పరీక్షించండి. ఒకసారి మీరు చేసినట్టు స్పందనల్ని గిలకొట్టి, ఇంకోసారి మనుషుల్ని విడదీసి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టండి. ఆ తర్వాత ఇంకో చిన్న ప్రయోగం చేయండి. జబ్బు మోడల్ చివరి పొర ముందు ఇచ్చే అంకెలు తీసుకుని, వాటితో రికార్డు నంబరు చెప్పించి చూడండి. జబ్బు కోసం మాత్రమే చదివిన మోడల్ రికార్డు నంబరు కూడా సులువుగా చెప్పేస్తుంటే, అది లోలోపల మనుషుల్ని మోస్తోందని మీ చేతికి ఆధారం దొరికినట్టే. ఆ ఒక్కదానితోనే మోడల్ దారి తప్పిందని తేలదు, రెండు పట్టికల మధ్య తేడాతో కలిపి చదవాలి. "ఎంత వచ్చింది" అని చెప్పే పేపర్లు కోకొల్లలు. "ఎందుకు వచ్చింది" అని చెప్పే పేపర్‌కి మీ గైడ్ కాదనరనే అనుకుంటున్నాను. కాదంటే ఆ రెండు పట్టికలు ఆయన టేబుల్ మీద పెట్టి, 109, 111, 207, 214 సంగతి చెప్పండి.

కంపెనీ సంగతి మీ ఫ్రెండ్ మళ్లీ ఎత్తితే, మనుషుల్ని విడదీసి చేసిన పట్టిక వచ్చేదాకా ఆగమనండి. ఈలోగా హోల్టర్‌కి టైము తీసుకోండి. నాన్నగారు అది పెట్టుకున్న రోజున డాక్టరు సరేనంటే మీ సెన్సర్ కూడా పక్కనే పెట్టి, రెండింటి గడియారాలూ సెకనుతో సహా కలపండి. ఏ అలారం నిజమో, ఏది కాదో తేల్చడానికి మీ దగ్గర ఇప్పటిదాకా లేనిది అదొక్కటే.